సోరా అమీబో కొనబోతున్నారా? నా 3,400 ఎలా పోయాయో చదివి కొనండి

అమీబో అంటే నింటెండో ఆటల్లోని పాత్రల బొమ్మ, అడుగున చిప్ ఉంటుంది, స్కాన్ చేస్తే ఆట దాన్ని గుర్తుపడుతుంది. నాకు నకిలీ సోరా అమీబో అంటగట్టినవాడు అరగంట క్రితమే నన్ను బ్లాక్ చేశాడు. ఆ వేడి మీదే రాస్తున్నాను, తప్పులుంటే సర్దుకోండి.

"జపాన్ స్టాక్, నూటికి నూరు శాతం ఒరిజినల్" అని ఇన్‌స్టాలో రోజుకు పది స్టోరీలు పెట్టే ఆ పేజీ ఎవరిదో మీకు చెప్పక్కర్లేదు. మనకు నింటెండో అధికారిక షాపు లేదు కాబట్టి ఇలాంటివాళ్లే దిక్కు. రెండేళ్ల క్రితం స్నేక్ అమీబోని వాడి దగ్గరే కొన్నాను. నిక్షేపంలా ఉంది. అది బాగుండబట్టే ఈసారి కళ్లు మూసుకుని దూకాను.

నింటెండో వాళ్ల ఫైటింగ్ గేమ్ స్మాష్ బ్రదర్స్ అల్టిమేట్‌లో 89 మంది ఫైటర్లున్నా అందరి అమీబోలూ నేను కొనను. అంత డబ్బూ లేదు, ఇంట్లో అంత చోటూ లేదు. బయటి కంపెనీల నుంచి చుట్టపుచూపుగా వచ్చినవాళ్లే నాకు కావాలి. 2008లో ఇదే సిరీస్‌లోని పాత ఆట బ్రాల్‌లోకి స్నేక్, సోనిక్ వచ్చినప్పటి నుంచీ ఉన్న పిచ్చి ఇది. పాక్-మ్యాన్, మెగా మ్యాన్, ర్యూ, క్లౌడ్ ఒక్కొక్కరే షెల్ఫ్ ఎక్కారు. మిగిలింది ఆఖరి అతిథి సోరా. అసలు వాడి పుట్టుకే క్రాసోవర్. 2002లో స్క్వేర్, డిస్నీ కలిసి చేసిన కింగ్‌డమ్ హార్ట్స్‌లో డొనాల్డ్‌నీ గూఫీనీ వెంటేసుకుని తిరిగే కుర్రాడు. స్మాష్‌లోకి ఎవరు రావాలని 2015లో పెట్టిన ఓటింగ్‌లో జనం అందరికన్నా ఎక్కువగా అడిగింది వీణ్నేనని ఆ ఆట డైరెక్టర్ సకురాయే చెప్పాడు. అయినా ఆటలోకి వచ్చింది 2021 అక్టోబరులో, అందరూ వచ్చేశాక. డిస్నీతో వ్యవహారం కదా, వెంట డొనాల్డూ లేడు, గూఫీ లేడు. వాడి తాళంచెవి ఆకారపు కత్తి కీబ్లేడ్‌కి వేలాడే గొలుసు చివర మిక్కీ తల ఆకారం ఉంటుంది, అంతే. అమీబో కోసం 2024 ఫిబ్రవరి దాకా ఆగాల్సి వచ్చింది.

అంతకాలం ఎదురుచూసినవాడికి "లాస్ట్ పీస్ అన్నా" అంటే చాలు. వాడు అదే అన్నాడు. నేను యూపీఐ కొట్టాను. 3,400. కొరియర్‌కి 120 వేరే.

పార్సిల్ వచ్చిన రోజే ప్లాస్టిక్ లోంచి చూస్తే ఆ మిక్కీ చెవులు రెండూ కలిసిపోయి ఉండలా కనిపించింది. మనసు పీకింది. ఫోన్ అడుగున ఆనించి చూశాను, ఏమీ చదవలేదు. ఇక్కడే నా తెలివి తెల్లారింది. ఒరిజినల్ డబ్బాలో బొమ్మ అడుగున వెండి రేకులాంటిది పెడతారు, కొనకుండా షాపులోనే ఎవరూ స్కాన్ చేసుకోకూడదని. ఈ సంగతి నాకు తెలుసు. తెలియడమే నా కొంప ముంచింది. "రేకు అడ్డం ఉంది, అందుకే చదవట్లేదు" అని నాకు నేనే సర్టిఫికెట్ ఇచ్చుకుని, సీల్ తియ్యకుండా నాలుగు రోజులు షెల్ఫ్ మీద పెట్టి, లైటు వేసి ఫొటోలు కూడా తీసుకున్నాను. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయని మా అమ్మమ్మ ఊరికే అనేది కాదు.

ఆదివారం మేనల్లుడు వచ్చి "స్కాన్ చేద్దాం మావయ్యా" అని గొడవ. సరేనని వాడి చేతికి ఫోనిచ్చి వీడియో తియ్యమని సీల్ కోశాను. రేకూ లేదు, గీకూ లేదు. మామూలు తెల్ల అట్ట. నింటెండో స్విచ్ కంట్రోలర్ జాయ్-కాన్ కుడి స్టిక్ మీద పెడితే ఉలుకూ పలుకూ లేదు. క్లౌడ్‌ని తెచ్చి పెడితే వెంటనే పట్టింది. మళ్లీ సోరాని పెట్టాం. తిప్పి పెట్టాం. తుడిచి పెట్టాం. చివరికి స్క్రూడ్రైవర్‌తో అడుగు బిళ్ల ఊడదీస్తే లోపల ఒక జిగురు చుక్క, ఇంకేమీ లేదు. అమీబోలో ఉండే రకం చిప్‌తో, అసలుదాని డేటా ఎక్కించుకునే ఖాళీ ఎన్‌ట్యాగ్ 215 స్టిక్కర్లు చవగ్గా దొరుకుతాయి. వీడు అది కూడా అంటించలేదు. మోసంలో కూడా పిసినారితనమే.

"అన్నా, ఇందులో చిప్ లేదు" అని మెసేజ్ పెట్టాను. గంట తర్వాత ఒకటే మాట, "వీడియో?" పంపాను. అప్పుడొచ్చింది జవాబు:

"సీల్ తీశావ్ కదా బ్రో. ఇక అది యూజ్డ్. రిటర్న్ ఉండదు."

డబ్బులు పడేదాకా అన్నని, పడ్డాక బ్రోని.

"సీల్ తియ్యకుండా చిప్ ఉందో లేదో ఎలా తెలుస్తుంది?" అన్నాను.

"అందుకే అసలైన కలెక్టర్లు తియ్యరు."

ఈ మాట మూడుసార్లు చదివాను. కోపం కూడా సరిగ్గా రాలేదు, అంత మెలికగా ఉంది. డబ్బులు వెనక్కి ఇవ్వకపోతే కంప్లయింట్ పెడతానన్నాను. దానికి వాయిస్ నోట్ వచ్చింది, పదకొండు సెకన్లు. "బొమ్మే కదా బ్రో, షెల్ఫ్ మీద పెట్టుకో. ఈ వయసులో స్కాన్ చేసుకుని ఆడుకుంటావా ఏంటి?" వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. నేను అది స్పీకర్‌లో పెట్టి విన్నాను, పక్కనే పిల్లాడు. "మావయ్యా, నిన్నేనా అంటున్నాడు?" అని అడిగాడు. 3,400 పోయినందుకు అంత మండలేదు, ఆ ప్రశ్నకు మండింది. తిరిగి మెసేజ్ పెట్టేసరికి ప్రొఫైల్ ఫొటో మాయం. ఈ వయసులో బొమ్మలేంటని అడిగే పెద్దమనిషి ఆ బొమ్మలు అమ్ముకునే బతుకుతున్నాడు, గమనించండి.

తప్పు నాది కూడా. పేజీలో పెట్టింది కంపెనీ ఫొటో. మన పీస్ ఫొటో పంపమని ఒక్క మాట అడగలేదు. బొమ్మ అడుగు వైపు చూపించమనలేదు. ఆఫీసులో పది రూపాయల బిల్లుకి కూడా రసీదు అడిగే మనిషిని నేను.

సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను, చూద్దాం. మీరు కొనేటట్లయితే సీల్ సంగతి, రిటర్న్ సంగతి డబ్బు కట్టకముందే రాతలో తేల్చుకోండి. సీల్ లేని పీస్ అయితే వీడియో కాల్‌లో మీ ఎదురుగా స్కాన్ చేయించండి. చిప్ పలికినంత మాత్రాన అసలుదని కూడా అనుకోకండి, స్టిక్కర్ల సంగతి పైన చెప్పాగా. పెయింట్ కూడా చూసుకోండి. నాకు చెవుల దగ్గరే తెలిసింది, నేనే వినలేదు.

వాయిస్ నోట్ దాచి ఉంచాను, కావాల్సినవాళ్లు అడగండి. మా ఇంట్లో మాత్రం దాని ధర ఆరు వందలని చెప్పాను. ఎవరూ నోరు జారకండి.