డయల్ నకిలీ, మెషిన్ అసలు: నా హెచ్‌ఎంటీ జనతా

నా హెచ్‌ఎంటీ జనతా వాచీ డయల్ ఫ్యాక్టరీలో తయారైంది కాదు. పాత డయల్ గీకేసి, ముదురు నీలం రంగు వేసి, అక్షరాలు మళ్లీ అచ్చు కొట్టిన బాపతు. తెలిసే కొన్నాను. ఆన్‌లైన్‌లో 'కొత్త కండిషన్' అని అమ్మే రంగురంగుల జనతాల్లో చాలా భాగం ఇలాంటివే. పాత వాచీలు సేకరించేవాళ్లు వీటిని చూస్తే మొహం తిప్పుకుంటారు. నేను మాత్రం కొన్నేళ్లుగా ఆఫీసుకీ పెళ్లిళ్లకీ దీన్నే పెట్టుకుంటున్నాను.

చేతి దూరంలో చూస్తే చాలా అందంగా ఉంటుంది. సన్నటి గీతలు, మూడు ముల్లులు, అంతే. తేదీ లేదు కాబట్టి 30 రోజుల నెల వచ్చినప్పుడల్లా సరిచేసుకునే పనీ లేదు. భూతద్దం పెడితే మాత్రం గుట్టు రట్టవుతుంది. హిందీలో రాసిన 'జనతా' తలకట్టు లావుగా, సిరా కాస్త ఒలికినట్టు ఉంటుంది. 12 దగ్గరి గీత వెంట్రుకవాసి కుడికి జరిగింది. ముల్లులు దిగే రంధ్రం చుట్టూ రంగు గట్టు కట్టింది. కేసుకి ఎన్నిసార్లు పాలిష్ పట్టారో ఏమో, అంచులు అరిగి సబ్బుబిళ్లలా నున్నగా తయారయ్యాయి.

ఒక పెళ్లిలో మా పెదనాన్న నా చెయ్యి పట్టుకుని తిప్పి చూసి, "జనతాలో ఈ రంగు ఎప్పుడొచ్చిందిరా?" అన్నారు. ఆయన పెళ్లికి అత్తారు పెట్టింది జనతాయే, తెల్ల డయల్‌ది. ఆ రోజుల్లో అల్లుడికి వాచీ అంటే హెచ్‌ఎంటీయే. ఆయన కన్ను కప్పడం కష్టం. చెవి దగ్గర పెట్టుకుని మాత్రం "మెషిన్ బానే ఉంది" అని తిరిగిచ్చేశారు.

నిజానికి నేను డబ్బు పెట్టింది ఆ మెషిన్‌కే. లోపలి ఇరుసులు అరగకుండా పెట్టే రాళ్లు 17, సెకనుకి 5 టిక్కులు. 1961లో జపాన్ సిటిజన్ సహకారంతో హెచ్‌ఎంటీ బెంగళూరులో వాచీల పని మొదలుపెట్టింది. ఈ మెషిన్ ఆ వంశానిదే. రోజూ పొద్దున్న కాఫీ తాగుతూ కీ ఇస్తాను. కిర్రు కిర్రుమంటూ తిరిగి, చివర్లో బిగుసుకుంటుంది. అక్కడ ఆపెయ్యాలి, బలవంతం చేస్తే స్ప్రింగుకి ముప్పు. నిండా కీ ఇస్తే మర్నాడు సాయంత్రం దాకా నడుస్తుంది. రోజుకి అర నిమిషం అటో ఇటో తేడా ఉంటుంది. రైలుకి వెళ్లేటప్పుడు ఫోన్ చూసుకుంటాను, దానికి సిగ్గేం లేదు. టైమ్ పెడదామని కీ బయటికి లాగినా సెకన్ల ముల్లు ఆగదు, కాబట్టి సెకన్లతో సహా సరిపెట్టాలన్న పట్టుదల ఉన్నవాళ్లకి ఇది పనికిరాదు.

ఒకసారి ఉన్నట్టుండి గంటకి కొన్ని నిమిషాలు ముందుకి పరిగెత్తింది. రిపేరు ఆయన మూత తియ్యకుండానే చిన్న దిక్సూచి పక్కన పెట్టారు. దాని ముల్లు ఊగింది. "అయస్కాంతం పట్టింది సార్" అన్నారు. వాచీ వేగాన్ని అదుపులో ఉంచే, వెంట్రుకంత సన్నటి లోపలి స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి అంటుకుంటే దాని పొడుగు తగ్గినట్టవుతుంది, వాచీ వేగం పెరుగుతుంది. అయస్కాంతం పోగొట్టే యంత్రం మీంచి వాచీని అలా పోనిచ్చారు, సరిపోయింది. రాత్రిళ్లు వాచీని బ్లూటూత్ స్పీకర్ మీద పెట్టే అలవాటు ఆ రోజే మానేశాను.

35 మిల్లీమీటర్ల కేసు. ఇప్పటి పళ్లేల్లాంటి వాచీలకి అలవాటుపడ్డ కంటికి మొదట్లో చిన్నగా కనిపిస్తుంది. కానీ చొక్కా కఫ్ కింద ఇట్టే ఇమిడిపోతుంది, ఉన్నట్టే తెలీదు. 18 మిల్లీమీటర్ల తోలు బెల్టు ఎక్కడైనా దొరుకుతుంది. మన మే నెల చెమటకి తోలు కంపు కొడుతుంది కాబట్టి ఎండాకాలం నైలాన్ బెల్టు వేస్తాను. నీళ్లంటే మాత్రం దీనికి పడదు. వానలో తడిస్తే అద్దం లోపల ఆవిరి పడుతుంది. అద్దం గాజుది కాదు, ప్లాస్టిక్. గీతలు ఇట్టే పడతాయి, కాస్త టూత్‌పేస్ట్ పెట్టి గుడ్డతో రుద్దితే అంతే తేలిగ్గా పోతాయి.

హెచ్‌ఎంటీ వాచీల కంపెనీని మూసెయ్యాలని 2016 జనవరిలో కేంద్ర క్యాబినెట్ నిర్ణయించింది. ఇప్పుడు విడిభాగాలు ఎక్కువగా పాడైపోయిన జనతాల నుంచే రావాలి. మా రిపేరు ఆయన దగ్గర ఒక డబ్బా నిండా ఉన్నాయి కాబట్టి నాకు టెన్షన్ లేదు. మీ ఊళ్లో అలాంటి మనిషి లేకపోతే కొనే ముందు రెండుసార్లు ఆలోచించండి.

కొంటే మాత్రం వెనక మూత తీసి మెషిన్ ఫొటో పంపమని అడగండి. తుప్పు, నలిగిన స్క్రూ తలలు కనిపిస్తే వదిలెయ్యండి. పంపనంటే బేరమే వద్దు. రంగు వేసిన డయల్‌ని 'ఒరిజినల్' అని చెప్పి రెట్టింపు అడిగేవాళ్లున్నారు. డయల్ నకిలీ అని ఒప్పుకుని, మెషిన్ సర్వీసింగ్ చేసిచ్చేవాడి దగ్గరే నేను కొన్నాను. ఇంకోటి కొన్నా అక్కడే కొంటాను, ఈసారి పెదనాన్నది లాంటి తెల్ల డయల్ దొరికితే.