రిటైరయ్యే ప్రాసిక్యూటర్ల లీవు లెక్క: గవర్నర్‌పేట డీటీపీ షీటును ఎంతవరకు నమ్మొచ్చు?

విజయవాడ గవర్నర్‌పేటలో కోర్టుల దగ్గరి ఒక డీటీపీ సెంటర్‌లో లీవు అకౌంటు కూడా వేసిస్తున్నారు. సర్వీసు రిజిస్టరు జిరాక్సు ఇస్తే, చేరిన రోజు నుంచి ఎక్సెల్‌లో ఎక్కించి ప్రింటు ఇస్తారు. టైపింగు శుభ్రంగా ఉంది. సెలవు మంజూరు ప్రొసీడింగ్స్ నంబర్లు ఒక్కటీ వదల్లేదు. చిక్కంతా లెక్కలోనే.

ఈ షీటు పనికొచ్చేది ప్రాసిక్యూషన్ డైరెక్టరేట్ కేడర్‌లోని అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్లు (ఏపీపీలు), అడిషనల్ పీపీల వంటివారికే. గవర్నమెంటు ప్లీడర్లది మూడేళ్ల నియామకం, వాళ్లకు ఎర్నడ్ లీవు (పూర్తి జీతంతో జమయ్యే సెలవు, రిటైరైనప్పుడు మిగిలింది డబ్బుగా వస్తుంది) ఖాతాయే ఉండదు.

పెద్ద తప్పు ఎర్నడ్ లీవు నిల్వకున్న 300 రోజుల గరిష్ఠం దగ్గర దొర్లుతోంది. జనవరి 1న నిల్వ 292 ఉందనుకోండి. షీటు అర్ధ సంవత్సరానికి జమయ్యే 15 రోజులు కలిపి, 307 రాగానే 300కి కోసేస్తుంది. మార్చిలో 10 రోజులు వాడితే జూన్ 30కి 290 చూపిస్తుంది. నిల్వ 285 దాటితే ఆ 15 రోజులను విడిగా రాయాలి, వాడిన సెలవు ముందు అందులోంచే పోవాలి. 15లో 10 పోగా మిగిలిన 5 కలిస్తే 297. ఏడు రోజులు ఊరికే పోయాయన్నమాట! బేసిక్, డీఏ కలిపి నెలకు 1,50,000 అయితే రోజుకు 5,000 చొప్పున 35,000 రూపాయలు. ముప్పై ఏళ్లు కోర్టులో నిలబడ్డ మనిషికి రావాల్సిన డబ్బు అది.

రిటైరయ్యే చివరి అర్ధ సంవత్సరంలో తప్పు ఎదురు తిరుగుతుంది, ఎక్కువ జమ చూపిస్తుంది. ఏప్రిల్ 30న రిటైరయ్యేవారికి నెలకు రెండున్నర చొప్పున 10 రోజులే జమ కావాలి, షీటు 15 వేస్తోంది. ట్రెజరీలో అబ్జెక్షన్ పడి బిల్లు వెనక్కొచ్చేది ఇలాంటి వాటికే.

జీతం లేని సెలవులో పదో వంతు తర్వాతి అర్ధ సంవత్సరపు జమలోంచి తగ్గించాలి. 40 రోజులు పెడితే 15 బదులు 11. ఇది సరిగ్గానే వేశారు. హాఫ్ పే లీవు (సగం జీతపు సెలవు) మాత్రం జనవరి 1న ఎక్కిస్తున్నారు. ఆగస్టు 18న చేరినవారికి ఏటా ఆగస్టు 18కి ఏడాది నిండాకే 20 రోజులు రావాలి. కమ్యూటెడ్ లీవుకు (హాఫ్ పే లీవునే పూర్తి జీతానికి మార్చి వాడుకునే సెలవు) ఆ ఖాతాలో రెట్టింపు రోజులు ఖర్చు రాశారో లేదో కూడా చూసుకోండి. రిటైరయ్యేనాటికి ఎర్నడ్ లీవు 300కు తగ్గితే, డబ్బు లెక్కలో ఆ లోటు నింపేది హాఫ్ పే లీవే.

టైపింగుకైతే ఇవ్వండి. ప్రింటుతోపాటు ఎక్సెల్ ఫైలు కూడా అడిగి తీసుకోండి. డీడీఓ (బిల్లుపై సంతకం పెట్టే అధికారి) సంతకానికి ముందు నిల్వ 285 దాటిన ప్రతి వరుసనూ రిజిస్టరుతో పోల్చి మీరే దిద్దుకోవచ్చు.