నింటెండో ఎన్‌ఈఎస్: దీపం మినుకుమంటోందంటే ప్రాణం ఉన్నట్టే

అమెరికాలో 1985లో అమ్మకానికి వచ్చిన నింటెండో ఎంటర్‌టైన్‌మెంట్ సిస్టమ్ (ఎన్‌ఈఎస్) అనే, టీవీకి తగిలించి ఆడే వీడియో గేమ్ కన్సోల్ అక్కడి పాత సామాన్ల దుకాణాల్లో "పనిచేయదు" అన్న చీటీతో ఇప్పటికీ చవగ్గా దొరుకుతూ ఉంటుంది. న్యూజెర్సీలో ఉండే మా అన్నయ్య అలాంటిదే ఒకటి కొని హైదరాబాదుకు తెచ్చిపెట్టాడు. కొన్నేళ్లుగా దాన్ని వాడుతున్నాను, అవసరమైనప్పుడల్లా విప్పి బాగుచేసుకుంటున్నాను. చెడిపోయిందని అమ్మేసే ఈ యంత్రాల్లో నిజంగా చెడిపోయేది ఏమిటో తెలిసినవారికి ఇంతకు మించిన బేరం లేదని నా అభిప్రాయం.

మా దాని లక్షణం అందరూ చెప్పేదే. స్విచ్ నొక్కగానే ఎర్ర దీపం సెకనుకు ఒకసారి చొప్పున వెలిగి ఆరుతూ ఉంటుంది, దానితోపాటే టీవీ తెర కూడా మినుకుమంటుంది. చాలామంది దీన్ని చావు లక్షణం అనుకుంటారు గాని, నిజానికి ఇది శుభవార్త. కన్సోల్‌లో అనుమతి లేని ఆటలను అడ్డుకునే ఒక తాళం చిప్పు, ఆట ఉండే ప్రతి అసలు క్యాసెట్‌లో దాని జోడు చిప్పు ఉంటాయి. ఆట నడుస్తున్నంతసేపూ అవి రెండూ సంకేతాలు సరిచూసుకుంటూ ఉంటాయి. ఆ సంభాషణ తెగిపోతే కన్సోల్‌లోని చిప్పు ప్రాసెసర్‌ను మళ్లీ మళ్లీ మొదటికి తెస్తుంది. అంటే దీపం మినుకుమంటున్నదంటే కరెంటు అందుతున్నది, తాళం చిప్పు తన పని తాను చేస్తున్నది. క్యాసెట్‌కూ బోర్డుకూ మధ్యనే ఎక్కడో స్పర్శ సరిగా లేదు. దీపం అసలు వెలగకపోతే మాత్రం అడాప్టర్‌ను, లోపల 5 వోల్టులు ఇచ్చే రెగ్యులేటర్‌ను మల్టీమీటర్‌తో చూడాలి.

ఈ స్పర్శ లోపానికి మూలం యంత్రపు రూపకల్పనలోనే ఉంది. జపాన్‌లో 1983లో వచ్చిన దీని మాతృక ఫ్యామికామ్‌లో 60 పిన్నుల క్యాసెట్‌ను పైనుంచి నేరుగా గుచ్చేవారు. అమెరికా నమూనాను వీసీఆర్‌లా కనిపించేలా తీర్చిదిద్దడంతో, 72 పిన్నుల క్యాసెట్‌ను ముందునుంచి తోసి కిందికి నొక్కవలసి వచ్చింది. నొక్కిన ప్రతిసారీ, క్యాసెట్‌ను బోర్డుకు కలిపే కనెక్టర్‌లోని సన్నని పిన్నులు వంగుతాయి, ఏళ్లు గడిచేకొద్దీ వాటి బిగువు సడలుతుంది, పైన మురికి పేరుకుంటుంది.

స్టార్ స్క్రూడ్రైవర్‌తో మరలు విప్పి, లోహపు కవచాన్ని, క్యాసెట్ కూర్చునే ట్రేను తీసేస్తే వెనుక నల్లని కనెక్టర్ కనిపిస్తుంది. దాన్ని బోర్డు అంచునుంచి మెల్లగా లాగితే ఊడి వస్తుంది. బోర్డు అంచున ఉన్న రాగి గీతలను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లతో తుడిచినప్పుడు దూది కాటుకలా నల్లబడింది. ఆ మురికి ఉన్నంతకాలం ఎంత మంచి క్యాసెట్ పెట్టినా ఫలితం ఉండదు. కనెక్టర్‌ను నీళ్లలో కాసేపు మరిగించి, తడి పూర్తిగా ఆరేదాకా ఉంచి, తిరిగి బిగించాను. క్యాసెట్ల అంచులనూ అదే ఆల్కహాల్‌తో శుభ్రం చేశాక ఆట మొదలైంది. బజారులో దొరికే కొత్త కనెక్టర్‌ను కూడా ఒకసారి వేసి చూశాను గాని, అది క్యాసెట్‌ను ఎంత గట్టిగా పట్టుకుందంటే, బయటికి తీయాలంటే పెనుగులాడవలసి వచ్చింది. శుభ్రం చేసిన పాత కనెక్టరే మేలని తేల్చుకుని దాన్నే మళ్లీ పెట్టాను. క్యాసెట్‌లోకి నోటితో ఊదే అలవాటు మాత్రం మానుకోవాలి. ఊదినప్పుడు పనిచేసిందంటే దానికి కారణం తీసి మళ్లీ పెట్టడమే; నోటి తేమ మాత్రం లోహాన్ని తినేస్తుంది.

తాళం చిప్పు నాలుగో కాలును బోర్డునుంచి విడదీసి గ్రౌండ్‌కు కలిపితే మినుకుమనడం శాశ్వతంగా ఆగిపోతుంది. సోల్డరింగ్ చేతనైనవారికి ఇది సులువు. అయితే ఇది శుభ్రతకు ప్రత్యామ్నాయం కాదు, ఎందుకంటే పిన్నులు మురికిగా ఉంటే అప్పుడు మినుకుమనడానికి బదులు బొమ్మలు చెదిరిపోయి కనిపిస్తాయి.

మన దేశంలో వాడేవారు కరెంటు విషయంలో జాగ్రత్తపడాలి. దీని అడాప్టర్ 120 వోల్టులకు చేసినది, నేరుగా మన 230 వోల్టుల ప్లగ్గులో పెడితే కాలిపోతుంది. నేను స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ వాడుతున్నాను. ఆ అడాప్టర్ బయటికి ఇచ్చేది 9 వోల్టుల ఏసీ కాబట్టి, డీసీతో నడిచే వేరే కన్సోల్‌కు దాన్ని ఎప్పుడూ తగిలించకూడదు. ఇక్కడ మనం చిన్నప్పుడు ఆడిన టీవీ గేముల 60 పిన్నుల క్యాసెట్లు ఇందులో నేరుగా పట్టవు. తుపాకీతో ఆడే ఆటలు పాత పిక్చర్ ట్యూబ్ టీవీ మీదే తప్ప ఎల్‌సీడీ మీద నడవవు.

1993లో వచ్చిన చిన్న నమూనాలో క్యాసెట్ పైనుంచి పెడతారు, తాళం చిప్పు లేదు, కాబట్టి ఈ బాధలన్నీ ఉండవు. కాని దానికి పక్కన పసుపు, ఎరుపు ఆడియో-వీడియో సాకెట్లు లేవు, యాంటెనా తీగ ద్వారా వచ్చే మసక బొమ్మతోనే సరిపెట్టుకోవాలి. ఏడాదికి ఒకసారి కనెక్టర్ తుడుచుకునే ఓపిక ఉన్నవారికి నేను పాత నమూనానే సిఫారసు చేస్తాను.