సీబీడీ తైలం సమీక్ష: సీసా మంచిదే, తిరుపతి ఎండకు నిలబెట్టుకోవడమే అసలు పని

ఈ సమీక్ష 30 మిల్లీలీటర్ల సీబీడీ తైలం సీసా గురించి. మోకాళ్ల నొప్పితో రాత్రిళ్లు సరిగా నిద్రపట్టని మా నాన్నగారికి ఆయుర్వేద వైద్యులు రాసిచ్చిన చీటీ మీద దీన్ని తెప్పించుకున్నాము. నొప్పి ఎంత తగ్గింది, నిద్ర ఎంత పట్టింది అన్నవి మనిషికీ మనిషికీ మారే విషయాలు, వైద్యులతో తేల్చుకోవలసినవి కనుక వాటి జోలికి ఇక్కడ పోను. తక్కువ ధర కాని ఈ తైలం, మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటే తిరుపతిలో, పెట్టె మీద ముద్రించిన గడువు దాకా నిజంగా పనికివచ్చే స్థితిలో ఉంటుందా, ఉండాలంటే కొన్నవారు ఏం చేయాలి, ఆ సంగతి తయారీదారు ఎంతవరకు చెప్పాడు అన్నదే నేను పరిశీలించినది. సంస్థ పేరు రాయడం లేదు, ఎందుకంటే సీబీడీ తైలం ఏ పేరుతో కొన్నవారికైనా నిల్వ విషయంలో ఎదురయ్యే ప్రశ్నలు ఇవే.

ముందుగా ఇది ఏమిటో రెండు మాటల్లో చెప్పాలి. సీబీడీ అంటే కన్నాబిడయోల్, గంజాయి మొక్కలో ఉండే, మత్తెక్కించని ఒక పదార్థం. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం గంజాయి మొక్క పూతను, దాని జిగురైన చరస్‌ను నిషేధించింది గానీ, పూత కలవని ఆకును, గింజను గంజాయి అన్న నిర్వచనంలోకి తీసుకోలేదు. ఆకు సారంతో చేసిన మందులు ఆయుష్ లైసెన్సు మీద, ఆయుర్వేదంలో ఆ మొక్కకున్న విజయ అన్న పేరుతో, వైద్యుల చీటీ చూపితే దొరకడానికి కారణం ఇదే. ఔషధ నియమావళిలో విషగుణమున్న ఆయుర్వేద ద్రవ్యాల జాబితా అయిన ఇ(1) షెడ్యూలులో భంగ, అంటే ఈ మొక్క, కూడా ఉంది కాబట్టి, వైద్య పర్యవేక్షణలోనే వాడాలన్న హెచ్చరిక పెట్టె మీద ఉండి తీరాలి. మేము కొన్నదాని మీద ఉంది. రక్తం పలచబడటానికి వార్ఫరిన్ వంటి మాత్రలు వేసుకునేవారు ఆ సంగతి వైద్యులకు ముందే చెప్పాలి, సీబీడీ ఆ మందు ప్రభావాన్ని పెంచగలదు.

సీసా తయారీకి వంక పెట్టలేము. ముదురు గోధుమరంగు గాజు, చుట్టూ సీలు, బయట గట్టి అట్టపెట్టె, లోపల మిల్లీలీటరు గీతలున్న గాజు డ్రాపరు ఉన్నాయి. బ్యాచి సంఖ్య, తయారీ తేదీ, లైసెన్సు సంఖ్య స్పష్టంగా చదవడానికి వీలుగా ఉన్నాయి, ప్రయోగశాల ఇచ్చిన పరీక్షా పత్రంలోని బ్యాచి సంఖ్య కూడా సీసా మీది దానితో సరిపోయింది. ఈ సరిపోలిక చూడకుండా పరీక్షా పత్రాన్ని నమ్మడంలో అర్థం లేదు, ఏదో ఒక పాత బ్యాచికి చేయించిన పరీక్షను అన్ని సీసాలకూ అంటగట్టడం పెద్ద కష్టమేమీ కాదు. గడువు తయారైన తేదీ నుంచి 2 సంవత్సరాలని వేశారు. ఈ తరహా తైలాలకు సాధారణంగా ఏడాది నుంచి రెండేళ్ల దాకా గడువు ఇస్తారు కనుక అదీ సమంజసమే.

లోపం ఎక్కడుందంటే, ఆ రెండేళ్లు సీలు తీయని సీసాకు మాత్రమే వర్తిస్తాయని, మూత తీశాక లెక్క వేరని పెట్టె మీద గానీ లోపలి కాగితంలో గానీ ఒక్క ముక్క లేదు. నిల్వ గురించి రాసినది కూడా చల్లని, పొడి ప్రదేశంలో ఉంచమన్న ఒక్క వాక్యమే. మందుల ప్రమాణాలు చెప్పే మన దేశపు అధికారిక గ్రంథం ఫార్మకోపియా ప్రకారం చల్లని ప్రదేశమంటే 8 నుంచి 25 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండేది. ఏప్రిల్, మే నెలల్లో తిరుపతిలో గానీ చిత్తూరులో గానీ ఏసీ లేని ఏ గదిలోనూ పగటిపూట ఆ చల్లదనం దొరకదు. అంటే సూచనను అక్షరాలా పాటించాలనుకున్నవారికి కూడా మామూలు అలమరలో అది సాధ్యం కాదు, ఆ సంగతి తయారీదారు ఆలోచించినట్టు కనిపించదు.

ఈ తైలాన్ని పాడుచేసేవి వెలుతురు, గాలి, వేడి. వీటిలో మొదటి శత్రువు వేడి అనుకుంటాము గానీ వెలుతురే. 1976లో లండన్‌లో ఫెయిర్‌బెయిర్న్, ఆయన సహచరులు గంజాయి, దాని తయారీల నిల్వ మీద ప్రచురించిన పరిశోధనలో, గుణమున్న పదార్థాలు తరిగిపోవడానికి అన్నిటికంటే పెద్ద కారణం వెలుతురేనని, చీకట్లో జాగ్రత్తగా ఉంచినవి గది ఉష్ణోగ్రతలో కూడా ఏడాది, రెండేళ్లు బాగానే నిలిచాయని తేల్చారు. అయితే వారి గది లండన్ గది, మనది కాదు. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే రసాయన చర్యల వేగం సుమారు రెట్టింపవుతుందని ఇంటర్మీడియట్‌లో చదువుకున్న స్థూల సూత్రాన్ని ఇక్కడ వేసి చూస్తే, 25 డిగ్రీలకు లెక్కగట్టిన రెండేళ్ల గడువు 35 డిగ్రీల గదిలో ఏడాదికి దగ్గరపడుతుంది. ఇది ఉజ్జాయింపే, కానీ ఎటువైపు మొగ్గుతుందో తెలుసుకోవడానికి చాలు. గోధుమరంగు గాజు అతినీలలోహిత కిరణాలను చాలామటుకు ఆపుతుంది గానీ వేడిని ఆపదు. కనుక కిటికీ పక్కన పెట్టిన సీసాకు ఆ రంగు ఇచ్చే రక్ష సగమే.

మూడోదైన గాలి, మూత తీసిన రోజు నుంచి పని మొదలుపెడుతుంది. సీసాలో తైలం తగ్గేకొద్దీ ఆ ఖాళీలో గాలి చేరుతుంది, అందులోని ఆమ్లజనితో కలిసి సీబీడీ నెమ్మదిగా క్వినోన్లు అనే రంగు పదార్థాలుగా మారుతుంది. సగానికి పైగా ఖాళీ అయిన సీసాను నెలల తరబడి అట్టిపెట్టడం ఈ తైలానికి చేయగల పెద్ద అపకారం. ఎంతకాలం అట్టిపెట్టవచ్చన్న ప్రశ్నకు ఈ సంస్థ జవాబివ్వలేదు కనుక, జవాబు ఇచ్చిన మరో మందును చూశాను. పిల్లల్లో వచ్చే కొన్ని తీవ్రమైన మూర్ఛ వ్యాధులకు అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2018లో ఆమోదించిన ఎపిడియోలెక్స్, నువ్వుల నూనెలో కలిపిన శుద్ధ సీబీడీ ద్రావణం. దాన్ని 20 నుంచి 25 డిగ్రీల మధ్య, నిలువుగా, మూత గట్టిగా బిగించి ఉంచాలని, గడ్డకట్టనివ్వకూడదని, మూత తీసిన 12 వారాలలో వాడకపోతే మిగిలినది పారవేయాలని దాని సూచనాపత్రం చెబుతుంది. అది వేరే మందు, వేరే మిశ్రమం కాబట్టి ఆ గడువు దీనికి అక్షరాలా వర్తించదు. అయినా ఒక ఔషధ సంస్థ పరీక్షలు చేసి ఇచ్చిన అంకె చేతిలో ఉండగా, ఏమీ చెప్పని పెట్టెను పట్టుకుని రెండేళ్లు ధీమాగా ఉండటం నాకు సబబుగా తోచలేదు.

ఆ 12 వారాలు, అంటే 84 రోజులు, దగ్గర పెట్టుకుని లెక్క వేస్తే సీసా పరిమాణం మీదే ప్రశ్న వస్తుంది. వైద్యులు రాత్రికి అర మిల్లీలీటరు రాస్తే 30 మిల్లీలీటర్లు 60 రోజులలో అయిపోతాయి, ఇబ్బంది లేదు. పావు మిల్లీలీటరుతో మొదలుపెట్టమంటే అదే సీసా 120 రోజులు వస్తుంది, చివరి నెలకు పైగా వాడేది ఆ హద్దు దాటిన తైలమే. పెద్ద సీసా కొంటే మిల్లీలీటరుకు ధర తగ్గుతుందని అమ్మేవారు చెప్పే మాట నిజమే, కానీ చివరి మూడో వంతు గుణం తగ్గిన నూనె అయితే మిగిలినదేమిటి? తక్కువ మోతాదు వాడేవారికి 10 మిల్లీలీటర్ల సీసాయే సరైనది, అదే పావు మిల్లీలీటరు చొప్పున 40 రోజులలో పూర్తవుతుంది.

తైలంలో మూలనూనె ఏదన్నది కూడా కొనేముందు చూసుకోవాలి. మాకు వచ్చినది కొబ్బరి నుంచి విడదీసిన ఎంసీటీ (మధ్యస్థ గొలుసు కొవ్వుల) నూనెలో కలిపినది. ఇందులో ఉన్నవన్నీ సంతృప్త కొవ్వు ఆమ్లాలే కావడం వల్ల అది త్వరగా కమటు వాసన పట్టదు, ఫ్రిజ్‌లో పెట్టినా మామూలు కొబ్బరి నూనెలాగా పేరుకోదు. గంజాయి గింజల నూనెను మూలంగా వాడిన సీసాలూ అమ్ముతున్నారు, వాటిని ఈ ప్రాంతపు ఎండకు నేను సిఫారసు చేయను. ఆ గింజల నూనెలో ఎక్కువ భాగం బహుళ అసంతృప్త కొవ్వులే, గాలి తగిలితే అవే ముందు చెడతాయి. నువ్వుల నూనె ఈ రెండింటికీ నడుమన నిలుస్తుంది, దానిలో సహజంగా ఉన్న సెసమాల్ వంటి పదార్థాలు చెడిపోవడాన్ని కొంత ఆలస్యం చేస్తాయి.

ఇంట్లో ఎక్కడ పెట్టాలన్నది అన్నిటికంటే ఎక్కువగా చర్చకు వచ్చిన విషయం. మందుల డబ్బాలను వంటింట్లో పొయ్యి పైనున్న అరలో పెట్టడం చాలా ఇళ్లలో ఉన్న అలవాటు, ఈ తైలానికి అంతకంటే చెడ్డ చోటు లేదు. పడమటి గోడకు ఆనించిన ఇనుప బీరువా సాయంత్రానికి పెనంలా కాలుతుంది, అదీ పనికిరాదు. అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా లోపలి గదిలో, నేలకు దగ్గరగా ఉన్న చెక్క అలమర అరలో, అట్టపెట్టెలోనే ఉంచితే చాలు. మార్చి మొదలుకొని వానలు పడేదాకా ఫ్రిజ్ తప్ప మార్గం లేదని నా అభిప్రాయం. అందులోనూ తలుపు అర వద్దు, తలుపు తీసిన ప్రతిసారీ అక్కడ వేడి ఎక్కి దిగుతుంది. లోపలి అరలో, మూత బిగించిన చిన్న డబ్బాలో పెట్టి, వాడేముందు పది, పదిహేను నిమిషాలు బయట ఉంచి ఆ తర్వాతే మూత తీయాలి. చల్లటి సీసాను తీసిన వెంటనే తెరిస్తే గాలిలోని తేమ లోపల చెమర్చి నీటిచుక్కలుగా చేరుతుంది. ఫ్రిజ్‌లో తైలం కొద్దిగా మసకబారినా భయపడనక్కరలేదు, ఆకు సారంలోని మైనం చల్లదనానికి విడివడటం వల్ల అలా అవుతుంది, గది వేడికి వచ్చాక మెల్లగా కదిపితే కలిసిపోతుంది. డీప్ ఫ్రీజర్‌లో మాత్రం పెట్టకూడదు.

డ్రాపరు విషయంలో నాకు అసంతృప్తి ఉంది. నోటిలో వేసేటప్పుడు గాజు కొన నాలుకకు తగిలితే లాలాజలం, దానితోపాటు సూక్ష్మజీవులు సీసాలోకి చేరతాయి, చెంచాలో పోసుకోమని కాగితంలో రాసి ఉంటే బాగుండేది. పైనున్న రబ్బరు బుడ్డి తైలం తగిలితే క్రమంగా ఉబ్బి మెత్తబడుతుంది కాబట్టి సీసాను అడ్డంగా పడుకోబెట్టకూడదు. రోజువారీ వాడకానికి డ్రాపరు, దాచిపెట్టడానికి మామూలు మరమూత, ఈ రెండూ కలిపి ఇచ్చే సంస్థలు ఉన్నాయి, ఇది అలా ఇవ్వలేదు.

చెడిపోయినదని ఎలా గుర్తించాలన్నది కాగితంలో లేని మరో విషయం. బాగున్న తైలం లేత బంగారు రంగు నుంచి ఆకుపచ్చ గోధుమ దాకా ఉండవచ్చు, ఆకు సారం ఎంత శుద్ధి చేశారన్నదాన్ని బట్టి అది మారుతుంది. కనుక మొదటి రోజు రంగును గుర్తుపెట్టుకోవడం మేలు, అవసరమైతే ఫోటో తీసి ఉంచుకోవచ్చు. అంతకంటే బాగా ముదిరినా, ఊదా ఛాయ కనిపించినా, పచ్చి ఆకు వాసన పోయి కమటు వాసన వచ్చినా, కదిపినా కలవని మడ్డి అడుగున చేరినా ఇక వాడకపోవడమే మంచిది. మా సీసా వేసవి మొత్తం ఫ్రిజ్‌లోనే ఉండటం వల్ల రంగులోనూ వాసనలోనూ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. పాతబడినదాన్ని మోకాళ్లకు మర్దనా చేసుకుంటే సరిపోతుంది కదా అని ఇంట్లో ఎవరో ఒకరు అంటారు, మా ఇంట్లోనూ అన్నారు. కమటెక్కిన నూనె చర్మానికి చేసే మేలు కూడా ఏమీ లేదు.

సేవ సంగతికి వస్తే, కొరియరే ఈ కొనుగోలులో బలహీనమైన లంకె. పార్సిలు మధ్యాహ్నం రెండు గంటలకు, చేతికి వెచ్చగా తగిలే అట్టపెట్టెలో వచ్చింది. వ్యానులో ఎన్ని గంటలు ఎండిందో చెప్పేవారు లేరు. ఫోను చేసి అడిగితే సంస్థ ప్రతినిధి మర్యాదగానే మాట్లాడారు, పరీక్షా పత్రం కూడా పంపారు గానీ, వేసవిలో చల్లని పెట్టెలో పంపే ఏర్పాటు తమకు లేదన్నారు. ఈ ధర తీసుకునే సరుకుకు అది లేకపోవడం నాకు లోపంగానే కనిపించింది. దేవస్థానం నడిపే ఆయుర్వేద కళాశాల, ఆసుపత్రి ఉన్న ఈ ఊరిలో తైలాలు అమ్మే దుకాణాలకు కొదవలేదు కాబట్టి, వేసవిలో కొనేవారు దుకాణంలో ఏసీ ఉందా, సీసాను గాజు బీరువాలో వెలుతురు కింద పెట్టారా లోపల ఉంచారా అని చూసి, తయారీ తేదీ దగ్గరగా ఉన్నదాన్ని చేతిలోకి తీసుకుని కొనడం మేలు.

కొండకు వెళ్లేవారికి ఒక మాట. అలిపిరిలో సామాను తనిఖీ చేస్తారు కనుక ఈ సీసా వెంట తీసుకువెళ్లేవారు వైద్యుల చీటీ, కొన్న రసీదు దగ్గర ఉంచుకోవాలి. తనిఖీకి భయపడి కింద ఆపిన కారులోనో, బండి డిక్కీలోనో వదిలి దర్శనానికి వెళ్లడం మాత్రం చేయకూడదు. అద్దాలు మూసిన కారు లోపల వేడి బయటి ఎండను మించిపోతుంది, ఒక మధ్యాహ్నం చాలు.

మొత్తం మీద సరుకుకు నాలుగు చుక్కలు, పెట్టె మీది సమాచారానికి రెండు, పంపిణీకి రెండు ఇస్తాను. ఈసారి చీటీ తిరగరాయించుకున్నాక 10 మిల్లీలీటర్ల సీసానే తీసుకున్నాము, మూత తీసిన తేదీని దాని మీద పెన్నుతో రాసి పెట్టాము. ఆ తేదీ రాసుకోవడానికి పెట్టె మీద ఒక చిన్న గడి ముద్రించమని సంస్థకు రాశాను, జవాబు వస్తే ఇక్కడే చేరుస్తాను.