ఆరున్నరేళ్ల వాడకం తర్వాత: ఆఫీసు మల్టీఫంక్షన్ ప్రింటర్, నెట్‌వర్క్ ఫోల్డర్‌కు స్కానింగ్

విజయవాడలో నేను పనిచేసే ఆడిటర్ గారి ఆఫీసుకు ఈ యంత్రం 2019 జూన్‌లో వచ్చింది. ఏ3 కాగితం దాకా తీసుకుంటుంది, ముద్రణ నలుపులోనే, స్కానింగ్ మాత్రం రంగుల్లో చేస్తుంది, పైన 50 కాగితాలు పట్టే ఫీడర్ ఉంది. కంపెనీ ఏదైనా మా వైపు ఇలాంటి దాన్ని జెరాక్స్ మిషన్ అనే పిలుస్తారు గాని, మా దగ్గర ఇది నకళ్లు తీసే పని కంటే స్కానింగే ఎక్కువగా చేస్తుంది. జీఎస్టీ చట్టం 36వ సెక్షన్ ప్రకారం ఒక సంవత్సరపు లెక్కలను, ఆ సంవత్సరం వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలల పాటు భద్రపరచాలి. అందువల్ల క్లయింట్లు సంచుల్లో తెచ్చే కొనుగోలు బిల్లులు, ఈ-వే బిల్లులు, అద్దె ఒప్పందాల స్టాంపు కాగితాలు అన్నీ ఏ రోజువి ఆ రోజు కంప్యూటర్‌లోని ఫోల్డర్లలో చేరిపోవాలి. ఆఫీసు కంప్యూటర్ల బాగోగులు కూడా నేనే చూస్తాను గనుక, ఈ ఒక్క సౌకర్యం ఎన్ని విధాలుగా ఆగిపోగలదో, ప్రతిసారీ కారణం ఎక్కడ దొరికిందో వివరంగా రాయాలనిపించింది.

యంత్రం గురించి ముందు చెప్పవలసింది కొద్దిగానే ఉంది. కాగితం లాక్కునే రోలర్లను రెండుసార్లు మార్చాము. ఫీడర్ పక్కనున్న సన్నటి గాజుపట్టీ మీద చిన్న మరక పడినా ప్రతి పేజీలో పైనుంచి కిందికి ఒక నల్ల గీత వస్తుంది. మెత్తటి గుడ్డతో తుడిస్తే పోతుంది. 300 డీపీఐలో, అంటే అంగుళానికి 300 చుక్కల లెక్కన, ఒక ఏ4 పేజీ అంటే 2480 నిలువు వరుసలు, 3508 అడ్డ వరుసలు, అంటే దాదాపు 87 లక్షల చుక్కలు. కుదించకపోతే రంగుల్లో ఒక్క పేజీయే 26 ఎంబీ దాకా అవుతుంది. యంత్రం దాన్ని పీడీఎఫ్‌గా కుదించి పంపే తీరు మెచ్చుకోదగినది, వెలిసిపోయిన రబ్బరు ముద్రలు కూడా చదవడానికి వీలుగానే వస్తాయి.

మొదట్లో స్కాన్ చేసినవి ఈమెయిల్‌కు పంపుకునేవాళ్లం. జీమెయిల్‌లో జోడింపుల పరిమితి 25 ఎంబీ కావడంతో పెద్ద కట్టలను విడగొట్టవలసి వచ్చేది. 2022 మే 30 నుంచి కేవలం యూజర్ పేరు, పాస్‌వర్డ్‌లతో లాగిన్ అయ్యే పాత పద్ధతిని గూగుల్ నిలిపివేయడంతో ఆ దారి కూడా మూసుకుపోయింది. యాప్ పాస్‌వర్డ్ పెట్టుకుంటే మళ్లీ నడుస్తుంది గాని, అప్పటికి ఫోల్డర్ పద్ధతికి అలవాటు పడిన మాకు ఆ అవసరం కనిపించలేదు.

ఫోల్డర్‌కు స్కాన్ చేయడంలో చాలామంది తారుమారుగా అర్థం చేసుకునే విషయం ఒకటుంది, నేను కూడా మొదటి ఏడాది అలాగే అనుకున్నాను. స్కాన్ చేసిన ఫైలును కంప్యూటరే యంత్రం నుంచి తెచ్చుకుంటుందని భావిస్తాము. నిజానికి ఇక్కడ ఫైలును అందుకునే సర్వర్ కంప్యూటరే, దాని తలుపు తట్టే క్లయింటు ప్రింటరే. మన పక్క టేబుల్ ఉద్యోగి తన కంప్యూటర్ నుంచి మన షేర్డ్ ఫోల్డర్‌ను ఎలా తెరుస్తారో, ఈ యంత్రం కూడా సరిగ్గా అలాగే, 445వ నంబరు పోర్టు అనే నెట్‌వర్క్ ద్వారం గుండా, ఒక యూజర్ పేరుతో, ఒక పాస్‌వర్డ్‌తో వచ్చి, ఫైలు రాసి వెళ్లిపోతుంది. అందువల్ల ప్రింటర్ తెర మీద తప్పు కనిపించినా, దోషం చాలాసార్లు కంప్యూటర్ వైపే ఉంటుంది. మా యంత్రం తెర మీద వచ్చే సందేశం మాత్రం కారణం ఏదైనా ఒక్కటే: కనెక్ట్ కాలేకపోయాము అని. ఇంత మంచి యంత్రంలో నాకు నిజంగా బాధ కలిగించే లోపం ఇదే. పేరు దొరకలేదో, పాస్‌వర్డ్ తప్పో, రాసే అనుమతి లేదో విడివిడిగా చెప్పగలిగితే మా గంటలు ఎన్నో మిగిలేవి.

కొన్న వారంలోనే మొదటి ఆటంకం వచ్చింది. నెట్‌వర్క్ మీద ఫైళ్లు ఇచ్చిపుచ్చుకోవడానికి యంత్రాలు పాటించే మాటల పద్ధతిని (ప్రొటోకాల్‌ను) ఎస్‌ఎంబీ అంటారు; మా యంత్రం అందులో పాతదైన ఎస్‌ఎంబీ 1తోనే మాట్లాడుతున్నది. విండోస్ 10లో 2017 చివర విడుదలైన 1709 వెర్షన్ నుంచి, కొత్తగా ఎక్కించిన కంప్యూటర్లలో దాన్ని వినే సర్వర్ భాగం దానంతటది ఉండదు. వచ్చిన సర్వీసు అబ్బాయి విండోస్ ఫీచర్లలోకి వెళ్లి ఎస్‌ఎంబీ 1కు టిక్కు పెట్టి, కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేసి వెళ్లాడు. స్కానింగ్ మొదలైంది, మేమూ సంతోషించాము. అయితే 2017 మేలో ప్రపంచమంతటా వ్యాపించి, ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు కార్యాలయాల కంప్యూటర్లను కూడా తాకిన వాన్నాక్రై వైరస్ ఈ ఎస్‌ఎంబీ 1లోని లోపాన్నే ఆసరా చేసుకుందని కొన్ని నెలల తర్వాత చదివినప్పుడు నాకు భయం వేసింది. క్లయింట్ల పాన్ వివరాలు, బ్యాంకు లెక్కలు ఉన్న కంప్యూటర్‌లో అటువంటి తలుపు తెరిచి ఉంచడం తప్పని ఆడిటర్ గారికి చెప్పాను. సర్వీసు కంపెనీకి ఫోన్ చేసి గట్టిగా అడిగితే, ఎస్‌ఎంబీ 2, 3 తెలిసిన కొత్త ఫర్మ్‌వేర్ (యంత్రాన్ని లోపలి నుంచి నడిపే సాఫ్ట్‌వేర్) అప్పటికే వచ్చి ఉందని తేలింది. అది వేయించడానికి పట్టిన సమయం అరగంట. ఆ సాయంత్రమే టిక్కు తీసేశాను. స్కానింగ్ ఆగిన ప్రతిసారీ ఎస్‌ఎంబీ 1ను తెరవమనే సలహా ఇప్పటికీ వినిపిస్తూనే ఉంటుంది. దయచేసి ఆ పని చేయకండి, ముందు ఫర్మ్‌వేర్ గురించి అడగండి.

తర్వాతిది కరెంటు పోయి వచ్చినప్పుడల్లా కనిపించిన తప్పు. రౌటర్ మళ్లీ మొదలైనప్పుడు కంప్యూటర్‌కు వేరే ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో దాన్ని గుర్తించే నంబరు) ఇచ్చేది, ప్రింటర్ అడ్రస్ బుక్‌లో మాత్రం పాత నంబరే ఉండేది. నంబరు బదులు కంప్యూటర్ పేరు రాసి చూశాను. ఆ పేరును మా యంత్రం ఒకరోజు కనుక్కునేది, మరొకరోజు కనుక్కోలేకపోయేది. చివరకు రౌటర్‌లో ఆ కంప్యూటర్‌కు ఒకే నంబరు రిజర్వ్ చేయడంతో ఈ బాధ పూర్తిగా తీరింది.

అన్నిటికంటే ఎక్కువగా నన్ను తిప్పలు పెట్టింది 2020 డిసెంబరులో వచ్చిన సమస్య. అంతకుముందు ఆడిటర్ గారి కంప్యూటర్‌కు స్కాన్ పంపడానికి ఆయన యూజర్ పేరునే వాడేవాళ్లం. ఆయన రోజూ నాలుగంకెల పిన్‌తో లాగిన్ అవుతారు, ఆ పిన్‌నే మేము యంత్రంలో టైపు చేసి ఎందుకు కుదరడం లేదా అని తలపట్టుకున్నాము. పిన్ అనేది ఆ కంప్యూటర్ ముందు కూర్చున్నవారికే గాని నెట్‌వర్క్ మీదుగా వచ్చేవారికి చెల్లదు. అక్కడ అసలు పాస్‌వర్డే కావాలి. పాస్‌వర్డ్ లేకుండా ఖాళీగా వదిలిన లోకల్ అకౌంట్లను కూడా విండోస్ నెట్‌వర్క్ నుంచి రానివ్వదు. ఇదంతా తెలుసుకుని నవంబరు 7న స్కానింగ్ కోసమే విడిగా ఒక లోకల్ యూజర్‌ను తయారు చేశాను. ఆ యూజర్‌కు అడ్మినిస్ట్రేటర్ హక్కులు లేవు, ఒక్క ఫోల్డర్‌లో తప్ప మరెక్కడా పనిలేదు. ఆరు వారాలు చక్కగా నడిచింది. డిసెంబరు 19న, జీఎస్టీ రిటర్నుల ఒత్తిడిలో అందరమూ మునిగి ఉన్నప్పుడు, ఒక్కసారిగా ఆగిపోయింది. ఎవరూ ఏమీ మార్చలేదు. యంత్రాన్ని ఆపి మళ్లీ ఆన్ చేశాము, కేబుల్ మార్చాము, అడ్రస్ బుక్‌లో మళ్లీ అన్నీ టైపు చేశాము.

కారణం, కంప్యూటర్‌లో జరిగిన సంగతుల లాగ్‌లను చూపించే విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో దొరికింది. విఫలమైన లాగిన్‌లను కూడా నమోదు చేయమని లోకల్ సెక్యూరిటీ పాలసీలో ముందుగా చెప్పి, మళ్లీ ఒక పేజీ స్కాన్ చేస్తే, సెక్యూరిటీ లాగ్‌లో 4625 నంబరుతో ఒక నమోదు వచ్చింది. ప్రింటర్ చెప్పని కారణాన్ని విండోస్ అక్కడ రాసిపెడుతుంది. అందులో సబ్ స్టేటస్ అనే వరుసలోని కోడ్ చివర 64 ఉంటే ఆ యూజర్ పేరే లేదని, 6ఎ ఉంటే పాస్‌వర్డ్ తప్పని, 72 ఉంటే ఆ అకౌంట్‌ను నిలిపివేశారని, 71 ఉంటే పాస్‌వర్డ్ గడువు తీరిపోయిందని అర్థం. మాకు కనిపించింది 71. విండోస్‌లో పాస్‌వర్డ్ గడువు మనం మార్చకపోతే 42 రోజులు; నవంబరు 7 నుంచి లెక్కిస్తే సరిగ్గా డిసెంబరు 19. కొత్త యూజర్‌ను చేసేటప్పుడు గడువు ఎప్పటికీ తీరకూడదనే గడిలో టిక్కు పెట్టడం నేను మరిచిపోయాను. మనిషి అయితే పాస్‌వర్డ్ మార్చుకొమ్మని అడిగిన కిటికీ చూసి మార్చుకుంటాడు, యంత్రానికి ఆ కిటికీ కనిపించదు. ఆ టిక్కు పెట్టిన నిమిషంలోనే ఆగిన కాగితాలన్నీ కదిలాయి. స్కాన్‌లు ఆగితే ఇప్పుడు నేను ముందుగా వెళ్లేది ప్రింటర్ దగ్గరికి కాదు, ఆ లాగ్ దగ్గరికే. అక్కడ 4625 అసలు లేకపోతే, యంత్రం కంప్యూటర్ దాకా చేరనే లేదని, లేదా పాస్‌వర్డ్ దశకు ముందే మాట తెగిందని తెలుస్తుంది, అప్పుడు ఐపీ అడ్రస్, బయటి నుంచి వచ్చేవాటిని అడ్డుకునే ఫైర్‌వాల్, ప్రొటోకాల్‌ల వైపు వెతకవచ్చు.

దోషం ఏ వైపు ఉన్నదో తేల్చడానికి ఇంకొక పరీక్ష చేస్తాను. మూడో కంప్యూటర్ దగ్గర కూర్చుని, ప్రింటర్‌లో రాసిన ఫోల్డర్ దారినే (పాత్‌నే) అక్షరం పొల్లుపోకుండా టైపు చేసి, అదే యూజర్ పేరుతో, అదే పాస్‌వర్డ్‌తో ఆ ఫోల్డర్‌ను తెరిచి, అందులో ఒక చిన్న టెక్స్ట్ ఫైలు దాచి చూస్తాను. తెరవడం ఒక్కటే చాలదు, రాసి చూడాలి. ఎందుకంటే షేరింగ్ ట్యాబ్‌లో ఒక అనుమతి, సెక్యూరిటీ ట్యాబ్‌లో మరొక అనుమతి ఉంటాయి, రెండింటిలో ఏది తక్కువైతే అదే వర్తిస్తుంది. కంప్యూటర్ బ్రౌజర్‌లో తెరుచుకునే మా యంత్రం వెబ్ పేజీలోని కనెక్షన్ టెస్ట్ బటన్ లాగిన్ వరకే పరీక్షిస్తుంది గనుక, అది విజయవంతమని చూపించినా ఫైలు రాకపోయిన సందర్భం మాకు ఎదురైంది. ఈ పరీక్షలో రెండు జాగ్రత్తలు అవసరం. ఆ మూడో కంప్యూటర్ గతంలో వేరే పేరుతో ఆ ఫోల్డర్‌ను తెరిచి ఉంటే, విండోస్ దాచుకున్న ఆ పాత వివరాలతోనే లోపలికి వెళ్లి మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. క్రెడెన్షియల్ మేనేజర్‌లో వాటిని తీసేసి, మళ్లీ లాగిన్ అయి చూడాలి. రెండోది, కొత్త కంప్యూటర్ ఎస్‌ఎంబీ 3తో మాట్లాడుతుంది, ప్రింటర్ అంతకంటే పాతదానితో మాట్లాడుతూ ఉండవచ్చు. కాబట్టి పరీక్ష నెగ్గినా ప్రొటోకాల్ మీద అనుమానం మిగిలే ఉంటుంది.

మధ్యలో వచ్చిన చిన్నవి త్వరగా చెబుతాను. రౌటర్ మార్చిన రోజున విండోస్ కొత్త నెట్‌వర్క్‌ను పబ్లిక్‌గా లెక్కించి ఫైల్ షేరింగ్‌ను ఫైర్‌వాల్‌లో మూసివేసింది. ప్రైవేట్‌గా మార్చగానే సరిపోయింది. భోజన విరామంలో కంప్యూటర్ స్లీప్‌లోకి వెళ్లినప్పుడు స్కాన్‌లు విఫలమయ్యేవి, స్లీప్ ఆపేశాము.

చివరిది, పెద్దది 2025లో వచ్చింది. ఆ ఏడాది అక్టోబరు 14తో విండోస్ 10కు మద్దతు ముగిసింది గనుక, ఆఫీసులో విండోస్ 11 ప్రో ఉన్న కొత్త కంప్యూటర్లు తీసుకున్నాము, వాటిలో 24హెచ్2 వెర్షన్ ఉంది. పాత కంప్యూటర్‌లో ఉన్నట్లే ఫోల్డర్, యూజర్, అనుమతులు, ఐపీ నంబరు అన్నీ పెట్టినా ఒక్క పేజీ కూడా రాలేదు. ఈ వెర్షన్ ప్రో ఎడిషన్‌లో ఎస్‌ఎంబీ సైనింగ్ తప్పనిసరి: వచ్చే ప్రతి సందేశం మీదా, అది దారిలో మారలేదని రుజువు చేసే సంతకం ఉండాలి, లేకపోతే సంభాషణే సాగదు. మా యంత్రం ఆ సంతకం చేయడం లేదు. కంప్యూటర్‌లో ఆ నిబంధనను సడలించమని సర్వీసు కంపెనీ సలహా ఇచ్చింది, పని ఆగకూడదు గనుక రెండు రోజులు అలాగే చేశాను. ఆ రెండు రోజులూ 2019 నాటి ఎస్‌ఎంబీ 1 సంగతే గుర్తుకు వచ్చింది. మళ్లీ ఫర్మ్‌వేర్ గురించి అడిగాను, మళ్లీ ఒకటి ఉంది. అది వేసిన తర్వాత యంత్రం వెబ్ పేజీలో సైనింగ్ కోసం కొత్తగా ఒక వరుస కనిపించింది, దాన్ని ఆన్ చేసి, కంప్యూటర్‌లో సడలించిన నిబంధనను తిరిగి బిగించాను. స్కానింగ్ వేగంలో మాకు తేడా ఏమీ తెలియలేదు.

ఇలాంటి యంత్రం కొనబోయేవారికి నా అభిప్రాయం అడిగితే, నిమిషానికి ఎన్ని పేజీలన్న లెక్క కంటే ముందు, తయారీదారు ఎన్నేళ్ల పాటు ఫర్మ్‌వేర్ ఇస్తారో, ఎస్‌ఎంబీ 3, సైనింగ్ రెండూ ఉన్నాయో లేదో రాతపూర్వకంగా అడగమంటాను. ఏఎంసీ (వార్షిక నిర్వహణ) ఒప్పందంలో ఏడాదికొకసారి ఫర్మ్‌వేర్ చూసి వేయాలన్న మాటను కూడా చేర్పించండి. మాది రెండుసార్లూ మేము అడిగితే గాని వేయలేదు. వాడుకలో ఇంకా తీరని కొరతలు రెండున్నాయి. ఫోల్డర్ దారి రాయడానికి కావలసిన వెనుకకు వాలిన గీత (బ్యాక్‌స్లాష్) తెర మీది కీబోర్డులో మూడో పేజీలో దాగి ఉంటుంది, కాబట్టి అడ్రస్ బుక్ పని అంతా కంప్యూటర్ బ్రౌజర్ నుంచే చేసుకోవడం మేలు. రెండోది, ఫైలు పేరును తెలుగులో ఇస్తే మా యంత్రం గడులు గడులుగా మారుస్తుంది; అందువల్ల క్లయింటు కోడ్, తేదీ అంకెల్లోనే పెడుతున్నాము.

ఇప్పుడు యంత్రం పక్క గోడకు ఒక కాగితం అంటించి ఉంది. అందులో కంప్యూటర్ ఐపీ నంబరు, షేర్ పేరు, స్కాన్ యూజర్ పేరు, ఫర్మ్‌వేర్ వేసిన తేదీలు ఉన్నాయి. పాస్‌వర్డ్ మాత్రం ఆడిటర్ గారి బీరువాలో ఉంది.