ఫ్లోరైడ్ పరీక్షకు ఏది మేలు: రంగు కిట్టా, ఎలక్ట్రోడా, మెరిసే అణువులా?

పరీక్షనాళికలో బోరు నీళ్ళు పోసి కిట్‌లోని మందు కొన్ని చుక్కలు వేస్తే గులాబీ రంగు వస్తుంది. నీళ్ళలో ఫ్లోరైడ్ ఎంత ఎక్కువుంటే ఆ గులాబీ అంతగా పసుపులోకి తిరుగుతుంది. పక్కన రంగుల చార్టు పెట్టుకుని పోల్చి చూడటమే పరీక్ష. మా డిగ్రీ కాలేజీ ల్యాబ్‌లో ఒకే నాళికను నలుగురు పిల్లలకు చూపించాను. ఇద్దరు లీటరుకు ఒక మిల్లీగ్రాము అన్నారు, ఒకరు ఒకటిన్నర అన్నారు, నాలుగో అమ్మాయి "మధ్యలో ఉంది సార్" అంది. నిజానికి ఆ అమ్మాయి చెప్పిందే సరైన జవాబు. చిక్కల్లా ఆ మధ్యలోనే ఉంది.

ఎందుకంటే భారతీయ ప్రమాణాల ప్రకారం తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు. వేరే నీటి వసతి లేకపోతే 1.5 వరకు ఒప్పుకుంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ గీసిన గీత కూడా 1.5 దగ్గరే. అంటే తాగొచ్చు, తాగకూడదు అన్న తీర్పుకు మధ్య ఉన్నది లీటరుకు అర మిల్లీగ్రాము. ఆ అర మిల్లీగ్రామును ఏది సరిగ్గా పట్టుకుంటుందన్నదే నా ప్రశ్న.

నల్గొండ జిల్లాలో మర్రిగూడ, మునుగోడు వైపు వాళ్ళకు ఫ్లోరైడ్ గురించి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. పళ్ళ మీద గోధుమరంగు చారలు, వంగిన కాళ్ళు, తిరగని మెడ వాళ్ళు ఇంట్లోనే చూశారు. ఒంట్లో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే ఈ జబ్బు పేరు ఫ్లోరోసిస్. ఎముకల ఫ్లోరోసిస్ గురించి మన దేశంలో మొదట రాసింది కూడా తెలుగు నేల గురించే. 1937లో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా రోగులను చూసి డాక్టర్లు ఆ వ్యాసం ప్రచురించారు. ఇప్పుడు చాలా ఊళ్ళకు మిషన్ భగీరథ కింద నది నీళ్ళు వస్తున్నాయి. అయినా కుళాయి రాని రోజున బిందె తిరిగి బోరు దగ్గరికే వెళ్తుంది. అందుకే ఏ బోరులో ఎంతుందో తెలియాల్సిన అవసరం తీరిపోలేదు.

పరీక్షల సంగతికి వచ్చేముందు ఒక మాట. అయాన్ అంటే విద్యుదావేశం ఉన్న కణం. ఫ్లోరైడ్ అయానూ, హైడ్రాక్సైడ్ అయానూ దాదాపు ఒకే సైజులో ఉంటాయి, రెండింటికీ ఒకే రుణావేశం. మన ఎముకలోనూ పంటి పింగాణీలోనూ ఉండే ఖనిజంలో హైడ్రాక్సైడ్‌కు ఒక చోటు ఉంటుంది. ఫ్లోరైడ్ వచ్చి ఆ చోట్లో కూర్చుంటుంది, ఖనిజం దాన్ని సొంతమనిషిలాగే రానిస్తుంది. ఈ పోలికను గుర్తుపెట్టుకోండి, ఎలక్ట్రోడ్ దగ్గర మళ్ళీ పనికొస్తుంది.

ముందు రంగు కిట్. మన దగ్గర ఊళ్ళలో వాడే కిట్లలో ఎక్కువగా ఉండేది జిర్కోనియం, జైలినాల్ ఆరెంజ్ అనే రంగు. ల్యాబ్‌లో దీని బదులు స్పాడ్న్స్ అనే ఎర్ర రంగు వాడి, ఆ రంగు ఎంత వెలిసిందో కలరీమీటరు అనే రంగును కొలిచే యంత్రంలో కొలుస్తారు. రెండింటిలో జరిగేది ఒకటే. జిర్కోనియం, రంగు అణువు చేతులు పట్టుకుని ఉంటాయి. ఫ్లోరైడ్‌కు జిర్కోనియం అంటే అంతకన్నా ఇష్టం. అది వచ్చి జిర్కోనియంను లాక్కుపోతుంది, ఒంటరిదైన రంగు అణువు తన సొంత రంగులోకి వచ్చేస్తుంది. నిమిషాల్లో పని అయిపోతుంది, కరెంటు అక్కర్లేదు, ఒక్కో పరీక్షకు అయ్యే ఖర్చు చాలా తక్కువ. అంగన్‌వాడీ టీచరు కూడా చేయగలరు. మందులో గాఢమైన ఆమ్లం ఉంటుంది కాబట్టి పిల్లల చేతికి మాత్రం ఇవ్వకూడదు.

అయితే జిర్కోనియంను లాగేది ఫ్లోరైడ్ ఒక్కటే కాదు. సల్ఫేటు, ఫాస్ఫేటు కూడా లాగుతాయి. అవి ఎక్కువున్న నీళ్ళలో కిట్ ఫ్లోరైడ్‌ను ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. ఇది అంత భయపడాల్సిన తప్పు కాదు, మహా అయితే మంచి బోరును అనుమానిస్తాం. అల్యూమినియంతో వచ్చే తప్పు దీనికి ఉల్టా. అల్యూమినియం ఫ్లోరైడ్‌ను గట్టిగా పట్టుకుని జిర్కోనియం దాకా పోనివ్వదు. నీళ్ళలో ఫ్లోరైడ్ ఉన్నా రంగు మారదు, కిట్ "బాగుంది" అంటుంది.

నీళ్ళలోకి అల్యూమినియం ఎక్కడినుంచి వస్తుందంటే, పటిక నుంచి. నాగ్‌పూర్‌లోని నీరి సంస్థ 1970లలో తయారుచేసి, మన జిల్లా పేరే పెట్టిన నల్గొండ పద్ధతిలో చేసేది అదే. నీళ్ళలో సున్నం, పటిక కలిపి, గిలక్కొట్టి, తేరనిచ్చి, పైనీరు వాడతారు. సరిగ్గా తేరకపోతే పైనీటిలో అల్యూమినియం మిగులుతుంది. అంటే శుద్ధి సరిగ్గా జరిగిందా లేదా అని మనం ఏ నీటిని పరీక్షిస్తామో, ఆ నీటి దగ్గరే కిట్ బోల్తా కొట్టే ప్రమాదం ఎక్కువ. ఇది నన్ను నిజంగా కలవరపెట్టే విషయం. స్పాడ్న్స్ పరీక్షలో రంగు కలిపాక కొన్ని గంటలు ఆగి చూస్తే ఈ తప్పు చాలావరకు తగ్గుతుంది. కానీ వీధిలో నిలబడి పరీక్ష చేసేవాళ్ళు గంటలు ఎక్కడ ఆగుతారు? పటిక వేసిన నీళ్ళకు కిట్ వాడొద్దు. ఇందులో నాకు రెండో అభిప్రాయం లేదు.

ఇక ఎలక్ట్రోడ్. చూడటానికి లావుపాటి పెన్నులా ఉంటుంది. దాని కింది కొసలో అమర్చిన చిన్న స్ఫటికం బిళ్ళే దాని ప్రాణం. అది లాంథనం ఫ్లోరైడ్, అందులో కొద్దిగా యూరోపియం కలుపుతారు. యూరోపియం వల్ల స్ఫటికంలో అక్కడక్కడా ఫ్లోరైడ్ చోట్లు ఖాళీగా ఉంటాయి, ఆ ఖాళీల మీదుగా ఫ్లోరైడ్ అయాన్లు గెంతుకుంటూ పోతాయి. వేరే అయాన్లకు ఆ దారి లేదు. 1966లో ఫ్రాంట్, రాస్ అనే ఇద్దరు అమెరికా శాస్త్రవేత్తలు దీన్ని ప్రకటించారు. దీన్ని గట్టిగా ఏమార్చగలిగే అయాన్ ఒకటే ఉంది, హైడ్రాక్సైడ్. ఇందాక ఎముకలో చూసిన పోలికే ఇక్కడా పనిచేస్తోంది, కాకపోతే మోసపోయేది ఈసారి స్ఫటికం. మన ఫ్లోరైడ్ బోర్లలో నీళ్ళు తరచుగా క్షారగుణంతో ఉంటాయి. కాల్షియం తక్కువగా, బైకార్బొనేటు ఎక్కువగా ఉన్న నీళ్ళలోనే గ్రానైటు రాళ్ళ నుంచి ఊడిన ఫ్లోరైడ్ అడుగుకు దిగకుండా కరిగి నిలుస్తుంది. కాబట్టి ఈ మోసం మనకు దూరపు సంగతి కాదు.

దీనికి మందు టిసాబ్ ద్రావణం. నీళ్ళూ, అదీ చెరి సగం కలుపుతారు. అందులో ఆమ్ల, క్షార గుణాన్ని ఒకచోట నిలిపే అసిటేటు బఫర్ ఉంటుంది, అది పీహెచ్‌ను 5, 5.5 మధ్య నిలిపి హైడ్రాక్సైడ్‌ను లేకుండా చేస్తుంది. అందులోనే సీడీటీఏ అనే అణువు అల్యూమినియంను తాను పట్టుకుని ఫ్లోరైడ్‌ను విడిపిస్తుంది. రంగు కిట్ చేయలేని పని ఇదే. టిసాబ్ కలపకుండా ముంచితే ఎలక్ట్రోడ్ కూడా విడిగా ఉన్న ఫ్లోరైడ్‌నే చూస్తుంది, పటిక నీళ్ళలో కిట్ లాగే తక్కువ చెప్తుంది.

అంకెల్లో చూద్దాం. ఎలక్ట్రోడ్‌కు తగిలించిన మీటరు వోల్టేజీని చూపిస్తుంది, ఫ్లోరైడ్ పెరిగేకొద్దీ ఆ అంకె తగ్గుతుంది. ముందు ఫ్లోరైడ్ ఎంతుందో తెలిసిన ప్రామాణిక ద్రావణాలు పెట్టి చూస్తాం. మా మీటరులో లీటరుకు 1 మిల్లీగ్రాము ద్రావణం 98 మిల్లీవోల్టులు చూపించింది, 10 మిల్లీగ్రాముల ద్రావణం 40 చూపించింది. పదింతలకు 58 తేడా, సిద్ధాంతం ప్రకారం ఉండాల్సిన 59కి దగ్గరే. తర్వాత ఒక బోరు నీళ్ళు పెడితే 87 వచ్చింది. లెక్క కడితే 1.55, గీత దాటింది. అదే మీటరు ఇంకొంచెం స్థిరపడి 88 దగ్గర ఆగి ఉంటే 1.49, గీత లోపల. ఒక్క మిల్లీవోల్టు తీర్పును మార్చేస్తుంది. అంకె కదలడం ఆగకముందే రాసుకునే పిల్లలను నేను కోప్పడేది ఇందుకే. ఎండాకాలంలో ఇంకో టెన్షన్ ఉంది. 25 డిగ్రీల దగ్గర 59 ఉన్న ఆ తేడా 40 డిగ్రీలకు 62 అవుతుంది. ప్రామాణిక ద్రావణాలు ఫ్రిజ్‌లోంచి తీసి, నమూనా ఎండలోంచి తెచ్చి పక్కపక్కన కొలిస్తే ఆ అంకెకు అర్థం ఉండదు. అన్నీ ఒకే గదిలో ఒకే వేడికి వచ్చేదాకా ఆగాలి.

ఎలక్ట్రోడ్, మీటరు కలిపి కొనాలంటే పదుల వేల రూపాయలు అవుతాయి, వాటిని చూసుకునే మనిషి కావాలి. ప్రతి ఊరికీ ఇది కుదరదు.

మూడోది నాకు బాగా ఇష్టమైనది, కానీ ఇప్పటికి నేను సిఫారసు చేయలేనిది. ఫ్లోరైడ్ తగలగానే రంగు మార్చే, లేదా అతినీల కాంతి కింద మెరిసే అణువులు. వీటిలో కొన్ని బోరాన్ అణువులు. బోరాన్ మీద ఖాళీ ఆర్బిటాల్, అంటే ఎలక్ట్రాన్లు చేరగల ఖాళీ చోటు ఉంటుంది, ఫ్లోరైడ్ తన ఎలక్ట్రాన్లతో వచ్చి అందులో చేరగానే అణువు కాంతిని పీల్చే తీరు మారిపోతుంది. జపాన్‌లో యమగుచి, తమావో బృందం 2001లో ఇలా రంగు మారడం చూపించింది. ఇంకో రకంలో ఫ్లోరైడ్ సిలికాన్, ఆక్సిజన్ బంధాన్ని తెంపి, లోపల బంధించి ఉన్న మెరిసే అణువును బయటికి వదులుతుంది. అగ్గిపుల్లలా అది ఒక్కసారికే పనికొస్తుంది.

ఈ అణువుల మీద వచ్చిన పరిశోధన వ్యాసాల్లో ఫొటోలు చూస్తే మనసు లాగేస్తుంది, వరసగా సీసాలు, ఒక్కటే నీలంగా వెలుగుతూ. మా పిల్లలకు నేను చెప్పేది ఒకటే, ఫొటో చూసేముందు ద్రావణి, అంటే అణువును కరిగించిన ద్రవం, ఏమిటో చూడండి. చాలాసార్లు అది నీళ్ళు కాదు, డీఎంఎస్ఓ, అసిటోనైట్రైల్ లాంటి కర్బన ద్రవం అయి ఉంటుంది. నీళ్ళలో ఫ్లోరైడ్ ఒంటరిగా ఉండదు, నీటి అణువులు దాన్ని గట్టిగా చుట్టుకుని ఉంటాయి. ఆ కౌగిలి విడిపించుకుని సెన్సారు దగ్గరికి రావడం దానికి కష్టం. యూరియా లాంటి, ఫ్లోరైడ్‌ను హైడ్రోజన్ బంధాలతో పట్టుకునే అణువులైతే కాస్త నీరు తగిలితేనే పని మానేస్తాయి. అమెరికాలో టెక్సస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయంలో గబ్బాయ్ బృందం బోరాన్ పక్కనే ధనావేశం పెట్టి, నీళ్ళలో కూడా ఫ్లోరైడ్‌ను పట్టే అణువులు చేసింది. ఆశ ఉన్నది ఆ దారిలోనే. ఏ మర్రిగూడ బోరు నీళ్ళలోనో, బైకార్బొనేటు, అల్యూమినియం మధ్యన, 1కీ 1.5కీ తేడా చెప్పగలిగిన రోజున ఆ అణువు గురించి మొదట సంతోషించేది నేనే.

ఇప్పటికిప్పుడు ఎవరైనా సర్పంచి వచ్చి అడిగితే నేను చెప్పేది ఇది. ఊరి బోర్లన్నిటికీ ముందు రంగు కిట్ పెట్టండి. 3, 4 మిల్లీగ్రాములు ఉన్న బోరును అది తప్పకుండా పట్టుకుంటుంది, పసుపు కళ్ళకు కొట్టినట్టు కనిపిస్తుంది. చార్టును పగటి వెలుతురులో, నీడలో చూడండి, బల్బు కింద వద్దు. ఎరుపు, పసుపు తేడా సరిగ్గా తెలియని వాళ్ళు చూడొద్దు. 0.8కీ 2కీ మధ్య అనిపించిన ప్రతి బోరు నీళ్ళూ, పటిక వేసిన ప్రతి ట్యాంకు నీళ్ళూ ఎలక్ట్రోడ్ ఉన్న ల్యాబ్‌కు పంపండి. పంపేటప్పుడు ప్లాస్టిక్ సీసాలోనే పంపండి, ఫ్లోరైడ్ గాజుకు అంటుకుంటుంది. సీసా మీద బోరు ఎక్కడిదో, ఏ తేదీన పట్టారో రాయండి. వాన పడ్డాక అదే బోరు నీళ్ళు మళ్ళీ పంపండి, అంకె మారుతుంది.