ఎండాకాలం నేలపట్టు ప్యాకేజీకి డబ్బులు కట్టబోయేవాళ్లు కాస్త ఆగండి

నెల్లూరు నుంచి నేలపట్టు పక్షుల అభయారణ్యానికి వ్యాన్ ప్యాకేజీ అని వాట్సాప్‌లో ఒక ఫ్లయర్ తిరుగుతా ఉంది, చెరువు గట్టున అడవి, బొటానికల్ గార్డెన్, ఫ్లెమింగోలు, బోటింగ్, టిఫిను భోజనం అన్నీ కలిపి అని. దయచేసి దానికి అడ్వాన్స్ కట్టొద్దు. మేం ఇంటిల్లిపాదీ మే నెలలో పోయాం, డబ్బులు మొత్తం ముందే గుంజారు, తీరా అక్కడికి పోతే చెరువులో నీళ్లే లేవు.

నేలపట్టుని నేను ఒక్క మాట కూడా అనను. ఇప్పుడంటే తిరుపతి జిల్లాలోకి పోయింది గానీ మన పాత నెల్లూరు జిల్లాలో నాకు దాన్ని మించిన చోటు లేదు. శీతాకాలం వానలకి చెరువు నిండితే నీటికడప చెట్లు మొదళ్లు మునిగి నిలబడతాయి, ఆ కొమ్మల మీదే గూడబాతులు (పెలికాన్లు) గూళ్లు కట్టి పిల్లల్ని సాకుతాయి, రెట్టలు కలిసిన ఆ చెరువు నీళ్లు పైరుకి బలమని చుట్టుపక్కల రైతులకి కూడా ఆ పక్షులంటే ప్రాణం. కానీ ఇదంతా అక్టోబర్ నుంచి మార్చి దాకానే. మేం పోయేసరికి చెట్ల కింద బురద ఎండి పెచ్చులు లేచిపోయుంది, కొమ్మలు రెట్టలతో సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి, పైన పుల్లల గూళ్లు ఖాళీ. మా అమ్మ మోకాళ్ల నొప్పులతోనే వాచ్ టవర్ ఎక్కి అటూ ఇటూ చూసి ఏం మాట్లాడకుండా దిగొచ్చింది, నాకు కడుపు తరుక్కుపోయింది.

వ్యానాయన్ని నిలదీస్తే "పక్షులు నా చేతిలో ఉండాయా అన్నా" అన్నాడు. పక్షులు చేతిలో లేకపోయినా ఏ నెలలో ఉంటాయో తెలిసే కదా టికెట్లు అమ్మాల్సింది! బోటింగ్ యాడ అంటే అది పులికాట్ సరస్సు వైపంట, దానికి వేరే డబ్బులంట. ఫ్లెమింగోలు కూడా పులికాట్ ఉప్పునీళ్లలో మేసేవే, నేలపట్టు నీటికడప చెట్ల మీద గూడు కట్టేవి కావు, ఆ ఫోటో పెట్టారంటేనే మోసం అని అర్థం చేసుకోండి.

పోవాలనుకుంటే డిసెంబర్ జనవరిలో మీరే పొండి. ఇక్కడి పక్షుల పండగ, ఫ్లెమింగో ఫెస్టివల్, 2025లో జనవరిలో పెట్టింది కూడా అందుకే. సూళ్లూరుపేట దాకా బస్సులు ఉన్నాయి, అక్కడ ఆటో మాట్లాడుకుంటే నేలపట్టు, పులికాట్ రెండూ చూడొచ్చు. ఆ ఏడు వానలు సరిగ్గా పడ్డాయా, చెరువు నిండిందా అని మాత్రం ముందు కనుక్కోండి.

ఇప్పటికే ఎవరన్నా ఫోన్‌పే చేసుంటే ఆ స్క్రీన్‌షాట్, ఫ్లయర్ రెండూ డిలీట్ చేయకుండా దాచుకుని, వ్యాన్ ఎక్కకముందే డబ్బులు వెనక్కి అడగండి, ఎక్కాక పైసా కూడా తిరిగి ఇవ్వడం లేదు.